ఇరవై రెండు ముక్కలు, నాలుగు ఆదివారాలు: అమలాపురంలో ఒక టారో తరగతి

అమలాపురంలో ఒక మేడ మీది గదిలో, ఆషాఢ శ్రావణ మాసాల్లో, జోస్యానికి వాడే టారో అనే బొమ్మల పేక మీద నాలుగు ఆదివారాలు జరిగిన తరగతులకు నేను రుసుము కట్టి, పేరు రాయించుకుని, చివరి దాకా హాజరయ్యాను. ‘ఇక్కడ జాతకం చెప్పబడదు, మిమ్మల్ని మీరు చూసుకోవడానికి 22 అద్దాలు మాత్రం ఉంటాయి’ అని కరపత్రంలో అచ్చు వేశారు. ఆ వాక్యం నచ్చే వెళ్లాను. ఆ మాట మీద వారు ఎంతవరకు నిలబడ్డారు, ఎక్కడ జారిపోయారు, 3,200 రూపాయలకు తగిన పని జరిగిందా లేదా అన్నది వీలైనంత వివరంగా రాస్తాను. నిర్వాహకురాలి పేరు గాని, ఇంటి గుర్తులు గాని రాయడం లేదు. మంచితో పాటు చెడు కూడా చెప్పవలసి ఉంది కనుక అదే మర్యాద అనిపించింది.

నా సంగతి కొంచెం చెప్పకపోతే తర్వాత వచ్చే అభిప్రాయాలకు ఆధారం ఉండదు. కొత్తపేట వైపు ఒక జూనియర్ కళాశాలలో 31 ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. వచ్చే ఏడాది పదవీ విరమణ. ఆ తరువాత హైదరాబాదులో అబ్బాయి ఫ్లాటుకు చేరడమా, కొబ్బరిచెట్ల మధ్య ఉన్న ఈ ఇంట్లోనే ఉండిపోవడమా అన్నది రెండేళ్లుగా తేలలేదు. జ్యోతిషం మీద నాకు నమ్మకం లేదు, అలాగని దాన్ని ఎగతాళి చేసే అలవాటూ లేదు. మావారికి మాత్రం ఆ అలవాటు పుష్కలంగా ఉంది. ‘పేకాట నేర్చుకోవడానికి అమలాపురం దాకా బస్సెక్కాలా, మన వీధి అరుగు చాలదా’ అని మొదటి ఆదివారం నేను చెప్పులు వేసుకుంటుండగా అన్నారు.

ఆ వెటకారంలో ఆయనకు తెలియని నిజం ఒకటి ఉంది. టారో పుట్టింది జోస్యంగా కాదు, పేకాటగానే. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలోని మిలాన్, ఫెరారా ప్రభువుల కొలువుల్లో, మామూలు పేకకు మరికొన్ని బొమ్మ ముక్కలను చేర్చి, వాటిని ఎప్పటికీ మారని తురుపులుగా వాడి ఆడుకున్న ఆట అది. నేటికీ ఈ పేకలో 78 ముక్కలు ఉంటాయి. అందులో 56 ముక్కలు మనం ఎరిగిన పేకకు దాయాదులే: గిన్నెలు మన ఆఠీనుకు, కత్తులు ఇస్పేటుకు, నాణేలు డైమనుకు, కర్రలు కళావరుకు సరిపోతాయి, ఒక్కో రంగులో రాజు, రాణి, జాకీలతో పాటు ఒక గుర్రపు రౌతు అదనంగా ఉండడం వల్ల 13కు బదులు 14 ముక్కలవుతాయి. కత్తులను ఇటలీవారు ‘స్పాదె’ అంటారని తెలిసినప్పుడు, మా వీధి అరుగు మీద రోజూ వినబడే ‘ఇస్పేటు’ ఎంత దూరపు చుట్టమో అర్థమై నవ్వొచ్చింది. మిగిలిన 22 ముక్కలు ఆ పాత తురుపులు. తరగతి మొత్తం వాటి చుట్టూనే నడిచింది.

అయితే మొదటి ఆదివారం నిర్వాహకురాలు ఈ చరిత్ర చెప్పలేదు. ఈ ముక్కలు ప్రాచీన ఈజిప్టు పూజారులు దాచిన జ్ఞానగ్రంథపు పుటలని చెప్పారు. అది 1781లో ఆంత్వాన్ కూర్ ద జెబెలిన్ అనే ఫ్రెంచి పండితుడు ప్రచారంలో పెట్టిన ఊహ. అప్పటికి ఈజిప్టు చిత్రలిపిని చదవగలిగినవారు లోకంలో ఒక్కరూ లేరు, ఆ లిపి గుట్టు విప్పినట్టు షాంపోలియన్ అనే మరో ఫ్రెంచి పండితుడు ప్రకటించింది 1822లో. చదవలేని భాషలోని గ్రంథాన్ని గుర్తుపట్టానని ఒకాయన చెబితే, రెండు శతాబ్దాలుగా ఆ మాటే చేతులు మారుతూ కోనసీమ దాకా వచ్చిందన్నమాట. విరామంలో ఈ విషయం ఆమెతో చెప్పాను. ఆమె ముఖం చిన్నబుచ్చుకోలేదు, మరుసటి వారం అందరి ముందూ ‘పోయినవారం నేను చెప్పింది సరికాదు’ అని సవరించుకున్నారు. 31 ఏళ్లలో నేను విద్యార్థుల ముందు అలా ఎన్నిసార్లు అన్నానో లెక్కపెట్టుకుంటే ఒక చేతి వేళ్లు మిగిలిపోతాయి. ఆమె మీద నాకు గౌరవం ఏర్పడింది అక్కడే.

రుసుములోనే ఒక పేక ఇచ్చారు. 1909లో లండన్లో రైడర్ సంస్థ ప్రచురించగా ప్రపంచమంతా వాడుకలోకి వచ్చిన పేకకు అది చవక నకలు. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే రహస్యవిద్యల రచయిత చెప్పిన ఆలోచనలకు బొమ్మలు గీసింది పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి. అంతకు ముందరి పేకల్లో చాలావాటిలో 56 ముక్కల మీదా మన పేకలో లాగానే గుర్తులు మాత్రమే ఉండేవి, ఆమె మాత్రం ప్రతి ముక్కకూ ఒక దృశ్యం గీశారు. పని చాలా పెద్దది, డబ్బు చాలా తక్కువ అని ఆమె ఒక స్నేహితుడికి ఉత్తరం రాసుకున్నారు. పేకకు స్థిరపడిన ‘రైడర్-వెయిట్’ అన్న పేరులో ప్రచురణకర్త ఉన్నాడు, వెయిట్ ఉన్నాడు, చాలాకాలం ఆమె లేరు. ప్రతి బొమ్మ మూలనా తన పొడి అక్షరాలను మెలివేసి సంతకంగా పెట్టుకున్నారు గాని, మాకిచ్చిన నకలులో అంచులు కత్తిరించడం వల్ల సగం ముక్కల్లో ఆ సంతకం కూడా పోయింది. పసుపు రంగు నారింజకు తిరిగింది. పైపూత లేని అట్ట కావడంతో వర్షాకాలపు చెమ్మకు మూడో వారానికే ముక్కలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. కలపడం సరే, విడదీయడమే పని అయింది. పేకను విడిగా అమ్మి, ఎవరికి కావలసినది వారు కొనుక్కోమనడం మంచిది.

ఇక తరగతి జరిగే తీరు. మొత్తం 11 మందిమి. 22 ముక్కలను బోర్లించి పరుస్తారు. ఒక్కొక్కరు ఒక్కో ముక్క తీసుకుని, పది నిమిషాలు మాట్లాడకుండా చూసి, కనబడినవి మాత్రం కాగితం మీద రాయాలి. ‘ఆశ’ అని రాయకూడదు, ‘చుక్కలు ఎనిమిది, అందులో ఒకటి పెద్దది’ అని రాయాలి. తరువాత చదివి వినిపించాలి. విన్నవారు అర్థం చెప్పకూడదు, ప్రశ్న మాత్రమే అడగవచ్చు. అందరూ అయిన తరువాతే ఆ ముక్కకు సంప్రదాయంగా చెప్పే భావాన్ని నిర్వాహకురాలు వివరిస్తారు. ఈ క్రమాన్ని ఎవరు రూపొందించారో గాని, తరగతికి ప్రాణం అదే.

ఎందుకంటే మనకు ముక్క తీసే జోస్యం కొత్త కాదు. చిలక పంజరంలోంచి బయటికి వచ్చి ముక్కుతో కార్డు లాగడం, చిలకజోస్యగాడు దాన్ని గడగడా చదవడం తీర్థాల్లో చూస్తూ పెరిగినవాళ్లమే. ‘సోది చెబుతానమ్మా సోది’ అని వీధిలోకి వచ్చిన ఎరుకలసాని ముందు చేటలో బియ్యం పోసి కూర్చున్న అమ్మమ్మలూ గుర్తున్నారు. అక్కడ తీసేది చిలక, చెప్పేది జోస్యగాడు, మనం తల ఊపేవాళ్లం మాత్రమే. తల ఊపడం ఎంత సులువో 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికా మనస్తత్వవేత్త తన విద్యార్థుల మీద పరీక్షించి చూపించారు. ప్రత్యేకంగా మీ కోసం రాసిన వ్యక్తిత్వ వివరణ అని చెప్పి అందరికీ ఒకే కాగితం ఇచ్చి, ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే, సగటున 4.26 వచ్చింది. ఆ కాగితంలోని వాక్యాలు ఆయన జ్యోతిషం పుస్తకం నుంచి ఏరుకున్నవి. అమలాపురం తరగతిలో తీసేదీ మనమే, చెప్పేదీ మనమే కావడం వల్ల ఈ బుట్టలో పడే ప్రమాదం చాలావరకు తప్పింది. పూర్తిగా తప్పలేదు, ఆ సంగతి తరువాత చెబుతాను.

‘ఆర్కిటైప్’ అనే మాటను నిర్వాహకురాలు మొదటి గంటలోనే వాడారు. తెలుగులో మూలరూపం అనుకుందాం. మనుషులందరి మనసుల అడుగునా పుట్టుకతోనే కొన్ని సాధారణ రూపాలు ఉంటాయని, పురాణాల్లోనూ కలల్లోనూ అవే వేషాలు మార్చుకుని కనబడతాయని స్విట్జర్లాండు మనోవైద్యుడు కార్ల్ యూంగ్ ప్రతిపాదించారు. ఈ రంగంలోని వారు యూంగే టారో బోధించాడన్నంత ధీమాగా మాట్లాడుతుంటారు. నిజానికి ఆయన టారో గురించి చెప్పింది బహు తక్కువ, 1933 నాటి ఒక ప్రసంగమాలలో చేసిన ప్రస్తావన వంటివి కొన్ని మాత్రమే. అయితే ఆయన చెప్పిన మరో మాట ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. మూలరూపమంటే బొమ్మ కాదు, బొమ్మను పుట్టించే అచ్చు. ద్రావణంలో స్ఫటికం కట్టుకోవడానికి ముందే దాని అక్షాల అమరిక కంటికి కనబడకుండా ఉన్నట్టు అది ఉంటుంది, కట్టుకున్న స్ఫటికాలు మాత్రం దేనికది వేరు. పురుషుడి లోపల స్త్రీ, స్త్రీ లోపల పురుషుడు ఉంటారన్న యూంగ్ భావనను వివరించడానికి నిర్వాహకురాలు యూరప్ దాకా వెళ్లకుండా మా కోనసీమలోని ర్యాలి అనే ఊరికి వెళ్లారు. జగన్మోహినీ కేశవస్వామి ఆలయంలో ఒకే శిలకు ముందువైపు కేశవుడు, వెనుకవైపు మోహిని. ఎన్నోసార్లు ప్రదక్షిణం చేసి, కొప్పు చెక్కడం చూసి ముచ్చటపడి వచ్చేసిన గుడే అది. మనిషికీ వెనుకవైపు ఒకటి ఉంటుందని, దాన్ని చూడాలంటే చుట్టూ తిరగాలని ఆమె అన్నప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అంత బాగా చెప్పగలిగిన మనిషి అచ్చు వేయించి ఇచ్చిన తెలుగు కాగితం మాత్రం ఘోరంగా ఉంది. తెలుగు మేష్టారమ్మకు కనబడేవి తప్పులేగా అని మీరు అనుకోవచ్చు. కాని ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఆ కాగితంలోనే ఉంది. 22 ముక్కల ఇంగ్లీషు పేర్లకు నిఘంటువులో మొదటి అర్థం తీసి వరుసగా పేర్చారు. 12వ ముక్కకు ‘ఉరితీయబడిన మనిషి’ అని పేరు పెట్టారు. బొమ్మ చూస్తే అతను ఒంటికాలికి కట్టబడి తలకిందులుగా వేలాడుతున్నాడు, మెడకు తాడే లేదు. ముఖం ప్రశాంతంగా ఉంది, తల చుట్టూ కాంతి వలయం ఉంది, అతన్ని కట్టిన కొయ్యకు ఆకులు చిగురిస్తున్నాయి. ఇటలీలో పూర్వం ద్రోహులను ఇలా కాలికి వేలాడదీసిన బొమ్మలు గీసి అవమానించేవారు కనుక అక్కడి తొలినాటి వాడుకలో ఈ ముక్కను ‘ద్రోహి’ అన్నారు. వారి బొమ్మకు వారి పేరు అతికింది. మనకు ‘ఉరి’ అన్న మాట చూడగానే గుండె గుభేలుమంటుంది. ఆ ముక్క తీసిన అమ్మాయి, గ్రూప్ పరీక్షలకు నాలుగో ఏడు చదువుతున్న పిల్ల, కాగితంలోని పేరు చూసి ముఖం పాలిపోయింది. ‘తలకిందులుగా తపస్సు చేసినా రాదు అంటాం చూడు, ఆ తపస్సు చేస్తున్నవాడమ్మా ఇతను’ అన్నాను ఉండబట్టలేక. నియమం ప్రకారం నేను అర్థం చెప్పకూడదు. నిర్వాహకురాలు నన్ను కళ్లతోనే మందలించారు. ఆ పిల్ల మాత్రం బొమ్మను తిరగేసి పట్టుకుని చూసి, ‘ఇలా చూస్తే డాన్సు చేస్తున్నాడండి’ అంది. తరువాత ఆమె రాసుకున్నదేమిటో మాకు చదివి వినిపించలేదు. వినిపించనక్కరలేదన్న నియమం కూడా ఉంది, అది మంచి నియమం.

సున్నా అంకె ఉన్న మొదటి ముక్కకు ‘మూర్ఖుడు’ అని రాశారు. చిన్నప్పుడు నీతిపద్యాలు వల్లెవేసిన మనకు మూర్ఖుడంటే ఎంత చెప్పినా వినని మొండివాడు. ఈ బొమ్మలోని కుర్రవాడు అటువంటివాడు కాదు. కర్రకు చిన్న మూట తగిలించి, చేతిలో తెల్లగులాబీ పట్టుకుని, ఆకాశం వంక చూస్తూ కొండ అంచున అడుగు వేయబోతున్నాడు, పక్కన తెల్లకుక్క గంతులేస్తోంది. మా వాళ్లలో ఇటువంటివాణ్ని వెర్రిబాగులవాడు అంటారు, కోపంతో కాదు, కాస్త ప్రేమతోనే అంటారు. ‘మూర్ఖుడు’ అన్నప్పుడు 11 మందిలో ఒక్కరికీ తమలో వాడు కనబడలేదు. ‘వెర్రిబాగులవాడు’ అనగానే నలుగురు తమ కథ చెప్పడానికి సిద్ధమయ్యారు. అందులో ఒకరు దుబాయి వెళ్లి ఆరు నెలలకే తిరిగి వచ్చినవారు, మరొకరు ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకున్నవారు.

అన్నింటికంటె విచిత్రం 16వ ముక్క. ‘గోపురం’ అట. మెరుపు పడి శిఖరం మీది కిరీటం ఎగిరిపోయి, మంటల మధ్య ఇద్దరు మనుషులు తలకిందులుగా పడుతున్న బొమ్మకు గోపురమని పేరు పెడితే, ద్రాక్షారామం, పాలకొల్లు గోపురాలకు చేతులెత్తి మొక్కే జనం ఏమైపోవాలి! నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవులో పంటు దాటి వస్తున్న లేసు అల్లికల ఆవిడ ఆ ముక్కను ముట్టుకోవడానికే ఇష్టపడలేదు. నేను ఇంటికి వచ్చి చూస్తే, బెల్జియంలో అచ్చయిన పాత పేకల్లో ఈ ముక్క పేరు ‘పిడుగు’ అని ఉంది, ఇటలీ తొలి జాబితాల్లోనూ పిడుగు, మంట అనే అర్థాల పేర్లే కనబడతాయి. మరుసటి వారం ‘పిడుగు’ అన్న పేరుతో అదే ముక్కను మళ్లీ మధ్యలో పెట్టారు. అప్పుడు వచ్చిన మాటలన్నీ 1996 నవంబరు 6 నాటి తుపాను గురించే. ఒక్క రాత్రిలో కొబ్బరితోటలు నేలమట్టమైన ఊళ్లవాళ్లం మేము. పడిపోయిన చెట్ల కంటె, చెట్లు ఉన్నంతకాలం మాకేమీ కాదులే అనుకున్న ధైర్యం పడిపోవడమే పెద్ద దెబ్బ అని ఒకాయన అన్నారు. ఆ బొమ్మలో కిందపడుతున్నవారి కంటె ముందు కిరీటం ఎగిరిపోతున్నట్టు గీయడం ఎందుకో అప్పుడు తెలిసింది. పేరు మారేసరికి బొమ్మ తలుపు తీసింది, అంతే. స్ఫటికం కట్టుకోవాలంటే మన ఊరి నీళ్లే కావాలేమో.

చంద్రుడి ముక్క వచ్చినప్పుడు నా పాండిత్యం అక్కరలేకుండానే ఆ పని జరిగింది. అల్లవరం వైపు రొయ్యల చెరువులున్న ఒక రైతు ఆ ముక్క తీశారు. భార్య పేరు రాయిస్తే, ఆమెకు బదులు తాను వచ్చినట్టు మొదటిరోజే మొహమాటంగా చెప్పిన మనిషి. పై భాగంలో దిగులు ముఖం పెట్టిన చంద్రుడు, కింద మొరుగుతున్న కుక్క, తోడేలు, వాటి ముందు మడుగు. ఆ మడుగులోంచి గోళ్లున్న జీవి ఒకటి గట్టు మీదికి పాకి వస్తుంటుంది. అది నిజానికి మంచినీటి ఎండ్రరొయ్య జాతిది. ఆయన కాగితం మీద ఒకే వాక్యం రాశారు, అదే చదివారు: ‘చెరువులో గాలి చాలలేదు.’ ఎవరికీ అర్థం కాలేదు. కడియం నుంచి వచ్చే నర్సరీ యజమాని అదేమిటని అడిగితే, ‘రొయ్యండీ అది. తెల్లారగట్ల డీవో పడిపోతే ఇలాగే పైకి తేలిపోయి గట్లకొచ్చేస్తాదండి. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోయాయనుకోండి, పొద్దున్నకి చెరువు చెరువంతా పోద్దండి, ఆయ్’ అన్నారు. డీవో అంటే నీటిలో కరిగిన ప్రాణవాయువని, ఏరియేటర్లు నీటిలోకి గాలి కలిపే యంత్రాలని, ఆ ప్రాణవాయువు రాత్రంతా తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుందని, అందుకే ఆ వేళ ఎవరో ఒకరు మెలకువగా ఉండాలని వివరించారు. ఎన్నేళ్లుగా మెలకువగా ఉంటున్నారని నిర్వాహకురాలు అడిగారు. తొమ్మిదేళ్లన్నారు. చెరువు పట్టుబడి అయిపోయి, నీళ్లు తోడేసి ఎండబెట్టిన నెలల్లో నిద్ర పడుతుందా అని ఆవిడే మళ్లీ అడిగారు. ఆయన చాలాసేపు బొమ్మ వంకే చూసి, ‘పట్టదండి’ అన్నారు. భయానికి కారణం చెరువులో ఉందని తొమ్మిదేళ్లు అనుకున్న మనిషికి, చెరువు ఎండినా భయం ఎండలేదని తెలిసిన క్షణం అది. సంప్రదాయంలో ఈ ముక్కకు చెప్పే భావం కూడా రాత్రివేళ రూపం తెలియకుండా పైకి వచ్చే భయమే. నిర్వాహకురాలు ఆ భావాన్ని ఆ రోజు చదవలేదు, పుస్తకం మూసి పక్కన పెట్టారు. ఈ నాలుగు వారాల్లో నాకు నచ్చిన బోధన అదే.

నాకు వచ్చిన ముక్క చక్రవర్తిది. ఏకాంతవాసి వస్తాడని ఆశపడ్డాను. చేతిలో లాంతరు, మంచుకొండ, ముసలితనం, అన్నీ పదవీ విరమణకు సరిపోతాయి కదా. రాతి ఆసనం, దాని మీద పొట్టేళ్ల తలలు, తెల్లగడ్డం, వెనుక మోడు కొండలు అని రాసి, ఇది మా నాన్నగారని చెప్పి కూర్చున్నాను. నర్సరీ యజమాని అడిగారు: ‘ఈయన చుట్టూ ఒక్క మొక్కా లేదేంటండి మేడంగారూ?’ ఇంకెవరో ఇంట్లో ఆసనం మీద కూర్చున్నవాడికి కాళ్లకు ఇనుప తొడుగులు ఎందుకని అడిగారు. అప్పటిదాకా నేను ఆ తొడుగులు చూడలేదు. ఎర్రటి అంగీ కింద యుద్ధకవచం ఉంది, పాదాల దగ్గర అది బయటపడుతోంది. నాన్నగారు ఇంట్లో ఎప్పుడూ ఉత్త పంచెతో ఉండేవారు. కవచం వేసుకుని కూర్చునేది నేను. తరగతి గదిలోకి అడుగుపెట్టే ముందు చీర కుచ్చిళ్లు సర్దుకుని ముఖం గట్టిగా పెట్టుకోవడం 31 ఏళ్ల అలవాటు. హైదరాబాదు వెళ్లనని మొరాయించడానికి ఇల్లు, చెట్లు, గోదావరి నీళ్లు అని ఎన్ని కారణాలు చెప్పినా, అక్కడి లిఫ్టులో నన్ను చూసి ‘నమస్కారం మేడంగారూ’ అనేవారు ఉండరన్నదే అసలు కారణమని ఆ మధ్యాహ్నం ఒప్పుకోవలసి వచ్చింది. వెళ్లాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. చక్రవర్తి ముక్క ఆ పని చేయలేదు, చేయడం దాని పనీ కాదు.

ఇక చెడ్డ ఆదివారం గురించి. మూడో వారం చివర ఒక తల్లి, కూతురి సంబంధం కుదురుతుందా అని కన్నీళ్లతో అడిగారు. కరపత్రంలోని మాట ప్రకారం ఇక్కడ ఆ ప్రశ్నకు జవాబు లేదని చెప్పాలి. నిర్వాహకురాలు ఒక్క క్షణం తటపటాయించి, మూడు ముక్కలు పరిచి, ‘దసరా లోపు మంచి కబురు వింటారు’ అన్నారు. జాలితోనే అని ఉంటారు. కాని ఆ ఒక్క వాక్యంతో అప్పటిదాకా తమను తాము చూసుకుంటున్న 11 మందీ చిలకజోస్యం ముందు కూర్చున్నవారైపోయారు. తరువాతి అరగంట అందరూ ఉద్యోగాలు, స్థలాల దస్తావేజులు, కోర్టు వాయిదాలు అడిగారు. అదే రోజు తలుపు పక్కన బల్ల మీద రంగురాళ్లు వెలిశాయి, 600 నుంచి 2,500 రూపాయల వరకు, ‘మీ ముక్కకు తగిన రాయి’ అన్న చీటీతో. రసీదు అడిగినవారికి వచ్చేవారం ఇస్తామన్నారు, ఇవ్వలేదు. నా ముక్కకు ఎర్రరాయి అట. నేను కొనలేదు. రొయ్యల రైతు కొనబోతుంటే, ఆ డబ్బుతో ఏరియేటరుకు ఇన్వర్టరు తీగలు మార్పించుకోమని నర్సరీ ఆయన నవ్వుతూ చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు.

అదే నిర్వాహకురాలు మరొక సందర్భంలో చూపిన విజ్ఞతను కూడా రాయకపోతే అన్యాయమవుతుంది. నెలల తరబడి తిండి, నిద్ర లేక నలిగిపోతున్న ఒకావిడ మాటలు తడబడడం గమనించి, ముక్క తీయించకుండా పక్క గదిలోకి తీసుకువెళ్లి, ఇది ముక్కలతో తీరేది కాదని, మనోవైద్యుడిని కలవాలని స్పష్టంగా చెప్పారు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ సహాయవాణి సంఖ్య 14416ను కాగితం మీద రాసి చేతిలో పెట్టారు. అడ్డగీత ఎక్కడ గీయాలో ఆమెకు తెలుసు, గీసినచోట గట్టిగా నిలబడడమే ఇంకా అలవాటు కావాలి.

మిగిలిన వివరాలు క్లుప్తంగా చెబుతాను. ఉదయం పదింటికన్నారు, పదిన్నరకు మొదలయ్యేది. మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు, మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి. టీ బాగుంటుంది. రెండో ఆదివారం ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరవేయడంతో నది మధ్యనున్న లంక గ్రామం నుంచి వచ్చే ఒకరు రాలేనన్నారు, అందరికీ వారం వాయిదా వేశారు. ఎవరినీ వదిలేయకుండా ఆగడం నాకు నచ్చింది. 11 మందికి మించితే మాత్రం ఈ పద్ధతి సాగదు, వచ్చే జట్టుకు 25 మందిని చేర్చుకుంటున్నారని విన్నాను, అది పొరపాటు. రేపేం జరుగుతుందో తెలుసుకుందామని వెళ్లేవారికి ఈ తరగతి మూడో వారం తప్ప మిగతా రోజుల్లో విసుగు పుట్టిస్తుంది. తన గురించి తానే పది నిమిషాలు నోరు మూసుకుని చూడగలిగినవారికి 3,200 రూపాయలు ఎక్కువేమీ కాదు. ఐదుకు మూడున్నర మార్కులు వేస్తాను, రాళ్ల బల్ల తీసేస్తే నాలుగు.

చివరి రోజున, ఆ అనువాద కాగితానికి బదులుగా నేను రాసుకున్న తెలుగు పేర్ల జాబితాను నిర్వాహకురాలికి ఇచ్చాను, వచ్చే జట్టుకు దాన్నే అచ్చు వేయిస్తానన్నారు. 21 పేర్లు కుదిరాయి. నలుపు, తెలుపు స్తంభాల మధ్య, సగం దాచిన గ్రంథపుచుట్టతో, తెలిసినదేదో చెప్పకుండా కూర్చున్న రెండో ముక్క స్త్రీకి మాత్రం కుదరలేదు. పాత కాగితంలో ‘ప్రధాన పూజారిణి’ అని ఉంది, అటువంటి పదవి మన గుళ్లలో నేను చూడలేదు. సోదెమ్మ అందామంటే ఆవిడ చెబుతుంది, ఈవిడ చెప్పదు. పేరంటాలు అందామని లేసు ఆవిడ అన్నారు, అది చనిపోయి దేవతైన ఇల్లాలి పేరు కదా అని నేనే వద్దన్నాను. ఆ ఒక్క గడి ఖాళీగానే అచ్చుకు వెళ్లింది.